గోడమీద లేని అక్షరాలు

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ మూలన గుసగుసలు ఆపండి, టీ గిన్నెల చప్పుడు కూడా వద్దు. నారిన్ ఊరి లారీ డ్రైవరు తోక్తోసున్ కళ్ల కథ ఇది. ఇందులో అబద్ధముంటే నా టోపీ మేక తినేయాలి.

తోక్తోసున్ కళ్లంటే ఆషామాషీ కాదు. సరస్సుకి ఈ గట్టున నిలబడి, ఆ గట్టున మేసే గొర్రె చెవికున్న గాటు చూసి అది ఎవరి మందలోదో చెప్పేవాడు. అలాంటివాడికి యాభై రెండో ఏట, చలికాలం వెళ్లేసరికి, రోడ్డు పాలలో ముంచి తీసినట్టు కనిపించసాగింది. భార్య అనార్‌కుల్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. మే నెలలో ఊరి మందలన్నిటినీ కొండమీది మేతకి చేర్చేది అతని లారీయే. లైసెన్సు గడువు కూడా సరిగ్గా అప్పుడే తీరింది. డాక్టర్ల సంతకాలు లేకపోతే కొత్తది ఇవ్వరు.

కళ్ల డాక్టరు గదిలో అక్షరాల పట్టిక ఉంటుంది. ఏ ఊళ్లో చూసినా అదే పట్టిక, అవే అక్షరాలు. చూపు ఆననివాళ్లు దాన్ని బట్టీ పట్టేస్తారు. అనార్‌కుల్ ఆవు పాలు పిండుతూ వరసలు చదివేది, తోక్తోసున్ పక్కన కూర్చుని అప్పజెప్పేవాడు. వారం తిరిగేసరికి ఆవుకి కూడా మూడు వరసలు వచ్చేశాయి. నాలుగో దానిలో తప్పితే సిగ్గుతో తల దించుకునేది.

ఆసుపత్రి వరండా నిండా జనం. డాక్టరు గది తలుపు బార్లా తీసి ఉంది. డాక్టరు గుల్‌సైరా చిన్నప్పుడు అతని లారీ ఎక్కి బడికెళ్లిన పిల్లే.

"కూర్చో బాబాయ్. ఎడం కన్ను మూసుకో."

మూసుకున్నాడో లేదో, ఎదుటి గోడమీద తెల్లగా వేలాడుతున్న దానికేసి తిరిగి దంచేశాడు. పన్నెండు వరసలూ ఒక్క గుక్కలో. ఆ ఊపులో, అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే అచ్చాఫీసు పేరు కూడా చదివేశాడు.

"బాబాయ్, అది నా తువ్వాలు," అంది గుల్‌సైరా. "గోడకి సున్నం వేయాలని పట్టికని నిన్ననే తీయించాను."

వరండా అంతా గొల్లున నవ్వింది.

"తువ్వాలైతేనేం, ఒక్క అక్షరం తప్పు పోయిందా?"

"పోలేదు. ఇప్పుడు నువ్వు బట్టీ పట్టలేనిది చూస్తానుండు."

కంట్లో చుక్కలు వేసి, కాసేపాగి, వెలుగు పెట్టి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"దాహం ఎక్కువగా వేస్తోందా?"

"వేయకేం? మొన్న దారిలో ఒక వాగు మొత్తం తాగేశాను. కింది ఊరివాళ్లు నీళ్లేవని తిట్టుకున్నారు."

"టీలో జామ్ వేసుకుంటావా?"

"జామ్‌లో టీ వేసుకుంటాను."

"నవ్వులాట కాదు బాబాయ్. ఒళ్లు కోయకుండా రక్తనాళాలు కనిపించేది కంట్లోనే. నీ కంటి వెనక నెత్తురు చుక్కలున్నాయి. చక్కెర జబ్బులా ఉంది. వదిలేస్తే కళ్లు పోతాయి, కిడ్నీలూ పోతాయి. వెళ్లి పరీక్షకి రక్తం ఇవ్వు."

"కళ్లు చూడమంటే నెత్తురు జోలికి పోతావేంటే పిల్లా? సంతకం పెట్టు. గురువారం గొర్రెల్ని ఎక్కించాలి."

"వెనక నూరు గొర్రెలు, పక్కన లోయ, నీకేమో తువ్వాలు ఆనదు. పెట్టను."

తోక్తోసున్ మళ్లీ గోడకేసి చూశాడు. కళ్లు ఎంత చిట్లించినా ఆ తువ్వాలు పట్టికలాగే ఉంది. అప్పుడు భయం వేసింది. లేచి వెళ్లి రక్తం ఇచ్చాడు. ఆ సీసా చుట్టూ తేనెటీగలు మూగాయట. చక్కెర ఉండాల్సినదానికి మూడింతలుంది.

ఆ ఏడాది మందలు తాతల కాలంలో లాగా నడిచే కొండెక్కాయి. వెనకాల గుర్రంమీద తోక్తోసున్, జేబులో మాత్రలు, సంచిలో జామ్ లేదు. ఆగస్టుకి రోడ్డుమీది పాలు విరిగి, దారి తేటపడింది. మళ్లీ డాక్టరు ముందు కూర్చుని, గోడమీదికి తిరిగొచ్చిన పట్టికలో ఏడు వరసలు చదివి ఆగాడు.

"ఎనిమిదోది?"

"నోటికి వచ్చు. కంటికి రాదు."

గుల్‌సైరా వెలుగు పెట్టి కంటి లోపల కూడా చూసింది. కొత్త చుక్కలు లేవు. సంతకం పెట్టింది.

తలుపు దగ్గర వంతు కోసం కూర్చున్న ముసలి జుమాదిల్ ఇదంతా విని, లేచి వచ్చి కుడి కన్ను పెద్దగా తెరిచాడు.

"అమ్మా, తప్పిపోయిన మా గాడిదని ఆఖరిసారి చూసింది ఈ కన్నే. లోపల ఇంకా ఉందేమో కాస్త చూసిపెట్టు."