లిఫ్టులో ఇద్దరు

ఇంకా రెండంతస్తులు, మోకాళ్లు అప్పుడే మొరాయిస్తున్నాయి, అయినా లిఫ్టు ఎక్కే ప్రసక్తే లేదు, ఇరవై ఎనిమిదేళ్లుగా ఎక్కనిది తను ఇవాళ ఎక్కుతుందా, ఎక్కాలన్నా ఇవాళ కుదరదు, అది పాడైంది గనకే కూతురు ఇక్కడుంది, లిఫ్టులు బాగుచేసే కూతురు, ఐదో నెల కడుపుతో, అదే చెప్పాలి, ఈ ఉద్యోగం మానెయ్యవే తల్లీ అని గట్టిగా చెప్పాలి, ఫోన్లో అయితే అలాగేలే అమ్మా అని నవ్వి పెట్టేస్తుంది, ఎదురుగా నిలబడి అడిగితే ఎక్కడికి పోతుంది, కానీ ఎందుకు మానాలీ అంటే ఏమని చెప్పాలి, ఇన్నేళ్లూ దానికి చెప్పనిది ఈ మెట్ల మీద ఎలా కక్కాలి, అబ్బ, ఈ మెట్లు కట్టినవాడి దుంప తెగ, ఒక్కోటి మూరెడెత్తు.

అప్పుడు తనకు ఎనిమిదో నెల, యూనిఫారాలు కుట్టే షాపు ఐదో అంతస్తులో, భోజనానికి దిగుతుంటే లిఫ్టు మధ్యలో ఠక్కున ఆగింది, లైటు పోయింది, ఆరు గంటలు, తను ఒక్కతే, కాదు, కడుపులో ఇది కూడా, గిలగిలా కొట్టుకుంది, ఆ కొట్టుకోవడం ఇప్పటికీ అరచేతికి తెలుస్తూనే ఉంది, తర్వాత బంగారంలా పుట్టిందనుకో, కానీ అందరి పిల్లల్లా ఉండదే, నాలుగేళ్లకే బీరువాలో దూరి తలుపేసుకునేది, పక్కన ఎవరో ఒకరు వాగుతూ ఉంటే తప్ప నిద్రపోదు, జోల పాడితే చిరాకు, పక్కింటావిడ వచ్చి ఎదురింటావిడ మీద చాడీలు మొదలెడితే మాత్రం హాయిగా గుర్రు పెట్టేది, ఇదేం చోద్యమమ్మా అని అందరూ నవ్వేవాళ్లు, తనకు నవ్వు వచ్చేది కాదు, కడుపుతో ఉన్న తల్లి బాగా బెదిరితే ఆ బెదురు బిడ్డకూ చేరుతుందండీ అని డాక్టరమ్మ మామూలుగా అన్న మాట ముల్లులా గుచ్చుకుంది, చేరింది, నేనే చేర్చాను పాపిష్టిదాన్ని, లేకపోతే లోకంలో ఇన్ని పనులుండగా వెతికి వెతికి లిఫ్టుల పనే పట్టుకుంటుందా, ఇప్పుడు దాని కడుపులో ఉన్నదానికి కూడా అదేనా.

ఏడో అంతస్తు, అమ్మయ్య, అదిగో దాని గొంతు, మూసిన తలుపు ముందు స్టూలేసుకుని, నీలం చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుపోయి, సందులో నోరు పెట్టి మాట్లాడుతోంది, లోపల ఎవరో పెద్దాయన, ఊపిరాడటం లేదమ్మా అని ఒకటే ఏడుపు, ఆడుతోంది గనకే ఇంత గట్టిగా అరుస్తున్నారు బాబాయిగారూ, గాలికేం లోటు లేదు, పైన మా సీనియరు చేత్తో చక్రం తిప్పి మిమ్మల్ని పైకి లాగుతున్నాడు, జానెడు జానెడు, ఆయన చెయ్యి నిదానమే, నోరు ఇంకా నిదానం, హలో అనడానికే పావుగంట తీసుకుంటాడు, లోపల్నుంచి ఏడుపు మధ్యలో ఓ చిన్న నవ్వు, అమ్మ దీని తెలివి, ఎంత ఒడుపు, ఎంత ఓపిక, తను కన్నదేనా ఇది, పక్కన వాచ్‌మన్ గుసగుసలాడుతున్నాడు, పైన చక్రం తిరిగినంతసేపూ కింద ఒకరు మాట ఆపకూడదటండీ, అది వీళ్ల పద్ధతి, మిగతావాళ్లకి పది నిమిషాలకే మాటలైపోతాయట, ఈ అమ్మాయికి అవ్వవట, అందుకే ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా ఈమెనే పంపుతారట.

తలుపు తెరుచుకుంది, పెద్దాయన దాని రెండు చేతులూ పట్టుకుని వదలడు, నువ్వు లేకపోతే నా గుండె ఆగిపోయేదమ్మా అంటాడు, అప్పుడు చూసింది అది తనని, అమ్మా, ఇన్ని మెట్లెక్కావా, మోకాళ్లేం కావాలి, అంతే, అనుకున్న వరసంతా పోయింది, అందరి ముందే బయటపడింది, మానెయ్యవే తల్లీ, ఎనిమిదో నెలలో నేను ఇలాగే ఇరుక్కున్నాను, నా భయమంతా నీకు పట్టించాను, నీ బిడ్డకి నువ్వలా చెయ్యకు, అది మాత్రం తన భుజం చుట్టూ చెయ్యేసి స్టూలు మీద కూర్చోబెట్టింది, నాకు తెలుసమ్మా, నాన్న ఎప్పుడో చెప్పాడు, తలుపులు పగలగొట్టేసరికి నువ్వు గొంతు పోయినా మాట్లాడుతూనే ఉన్నావటగా, కటింగు మాస్టరు విగ్గు ఫ్యానుకి చుట్టుకున్న కథ పొట్టకి చెబుతున్నావట, నాన్న ఇప్పటికీ తలుచుకుని నవ్వుతాడు, మరి నీకు లోపల భయం వెయ్యదటే అని తను అడిగితే, ఎందుకమ్మా అంది, తలుపు మూసి చీకటైతే నాకు పక్కన ఎవరో ఉన్నట్టే ఉంటుంది.

ఎవరో ఉన్నట్టు, అవును, విగ్గు, నిజమే, తను ఎలా మర్చిపోయింది, చొక్కా కొలతలు చెప్పింది, మొగుణ్ణి తిట్టింది, తెలిసిన వాళ్లందరి మీదా చాడీలు చెప్పింది, ఆపితే చాలు లోపల కొట్టుకునేది, మొదలెడితే సద్దుమణిగేది, అందుకే ఆపలేదు, ఆరు గంటలూ ఆపలేదు, పిచ్చిదానా, ఇన్నేళ్లూ ఒక్క భయాన్నే గుర్తుపెట్టుకుని ఏడ్చావు, ఆ చీకట్లో దానికి నీ భయమూ చేరింది, నీ మాటా చేరింది, రెంటిలో ఏది ఉంచుకోవాలో అప్పటికింకా పుట్టని ఆ పిల్లకే తెలిసింది.