పిల్లి నడిచిన గీత

పిల్లి బుగ్గలు పూరించి, ఎంత తాగారో కొలిచే మిషన్ గొట్టంలోకి ఊదాడు. మిషన్ కాసేపు ఆలోచించుకుని పచ్చలైటు వేసింది.

"పో పిల్లీ, పో. నీకు ఎర్రలైటు పడిన రోజు నేను మీసం తీసేస్తా," అన్నాడు గేటు కాపలావాడు.

"అది మీసమా? ముక్కు నీడ అనుకుంటున్నానే ఇన్నాళ్ళూ."

వరసలో వాళ్ళు నవ్వారు. వెనకే ఉన్న పిల్లి బామ్మర్ది మాత్రం నవ్వలేదు. అతను తలెత్తి, మేడ చుట్టూ కట్టిన పరంజాని చూస్తున్నాడు. అతనూ ఊదాడు. అతనికీ పచ్చే.

అందరూ పిల్లి అని పిలిచే అతను ఇళ్ళకి రంగులు వేసే మనిషి. యాభై దాటాయి. పిక్కలు ఎండుకట్టెలు, అరికాళ్ళు తోలుముక్కలు. కాలివేళ్ళు మాత్రం విసనకర్రలా విచ్చుకుని చెక్కని పట్టుకుంటాయి. చెవి వెనక ఏ ఇంటి రంగో ఒకటి ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. మధ్యాహ్నం పూట జానెడు చెక్క మీద నిద్రపోతూ అటూ ఇటూ పొర్లేవాడట. ఒకసారి గాలివానకి పరంజా మొత్తం కొట్టుకుపోతే, తను మాత్రం అక్కడే ఆగి, గోడ పూర్తిచేసి దిగాడట. ఈ కథలన్నీ అతను చెప్పినవే. అయినా కాదన్నవాళ్ళు లేరు.

కథ కానిది ఒకటుంది. పొద్దున్నే గొంతులో చుక్క పడకపోతే అతని చేతులు వణుకుతాయి. పడిందా, కిటికీ అంచున గీసిన రంగు వెంట్రుకవాసి కూడా తప్పదు.

అందుకే, ఎత్తు మీద పనిచేసేవాళ్ళు ఎంతవరకు తాగి ఎక్కవచ్చో తేల్చడానికి సర్కారు కమిటీ వేసిందని నిరుడు విన్నప్పుడు అతను భయపడ్డాడు. చుక్క కూడా వద్దంటే పని పోయినట్టే. అంతలో మేస్త్రీ వచ్చాడు. "పరీక్షకి మనుషుల్ని పంపమన్నారు. బాగా నడిచేవాళ్ళని ఏరి తీసుకుపోతున్నా. నా పరువు తియ్యకండి," అన్నాడు.

పరీక్ష పెట్టిన హాల్లో నున్నటి గచ్చు మీద తెల్లగీత గీసి ఉంది. మందు కొలిచి పోసి, దాని మీద నడవమన్నారు. పిల్లికి నవ్వొచ్చింది. పడితే చచ్చే చోట ముప్పై ఏళ్ళు నడిచినవాడికి నేల మీద గీత ఒక లెక్కా? ముందుకి నడిచాడు, వెనక్కి నడిచాడు, అడక్కపోయినా కళ్ళు మూసుకుని మళ్ళీ నడిచాడు. ఇంకాస్త పోసి నడవమంటే అలాగే నడిచాడు. మేస్త్రీ ఏరి తెచ్చినవాళ్ళంతా అంతే.

కమిటీలో ఒక డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "వీళ్ళంతా రోజూ తాగేవాళ్ళే సార్. అలవాటు లేనివాళ్ళని కూడా నడిపించి చూడాలి," అంది.

"చూద్దామమ్మా, చూద్దాం. ముందు ఈ రిపోర్టు పోనివ్వండి," అన్నాడు కమిటీ పెద్దాయన.

ఆమె పిల్లి వైపు చూసింది. అవునమ్మా, నిజమే అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మిగిలిన గుక్కతో కలిపి మింగేశాడు.

పరిమితి వచ్చింది. పిల్లి రోజూ తాగేదానికి అది సరిగ్గా సరిపోయింది. వీధి మలుపులో మందుకొట్టువాడు ఆ కొలతకి ఒక గ్లాసు పెట్టి, దానికి గేటు గ్లాసు అని పేరు పెట్టాడు. అది తాగితే పచ్చలైటు ఖాయం. అంతకుముందు ముట్టనివాళ్ళు కూడా మొదలుపెట్టారు. సర్కారే ఏమీ కాదంటుంటే ఇంక భయమెందుకు?

బామ్మర్ది ఇన్నాళ్ళూ కిందే గోడలు గీకేవాడు. ఇవాళ పైకి ఎక్కమన్నాడు మేస్త్రీ. ఇందాక మలుపు దగ్గర అతను ఆగిపోయాడు.

"బావా, కాళ్ళు ఆడటం లేదు."

"గేటు గ్లాసు ఒకటి వేస్కో. నీ కాళ్ళ సంగతి అదే చూసుకుంటుంది."

"అక్కకి తెలిస్తే చంపుద్ది."

"మీ అక్క నన్ను పాతికేళ్ళ నుంచి చంపుతూనే ఉంది. చచ్చానా?"

ఇప్పుడు ఇద్దరూ పరంజా మీద ఉన్నారు. పిల్లి కిటికీ పక్కన, బామ్మర్ది అతని వెనక చెక్క మీద. ఎండ గోడకి కొడుతోంది. బామ్మర్దికి హుషారొచ్చింది. "భయమే లేదు బావా, ఇన్నాళ్ళూ ఉత్తినే భయపడ్డా," అన్నాడు. కాసేపటికి ఏదో పాట కూనిరాగం తీశాడు. పిల్లి కిటికీ మూలలో కుంచె తిప్పుతున్నాడు. కళ్ళు అక్కడే ఉన్నాయి.

వెనక కుంచె చప్పుడు ఆగింది.

"బావా," అన్న పిలుపు వినిపించింది. అరుపు కాదు, ఏదో అడగబోతున్నట్టు.

పిల్లి తిరిగి చూసేసరికి చెక్క మీద ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి అధికారి వచ్చాడు. శరీరాన్ని అప్పటికే తీసుకుపోయారు. "పొద్దున గేటు దగ్గర ఏ లైటు పడింది?" అన్నాడు.

"పచ్చే సార్," అన్నాడు కాపలావాడు.

"అయితే మందు కారణం కాదు. కాలు జారింది."

"మందే సార్," అన్నాడు పిల్లి. "వాడికి అలవాటు లేదు. నేనే తాగించా."

"పరిమితి లోపలే కదయ్యా?"

"ఆ పరిమితి నాది సార్. వాడిది కాదు."

అధికారికి అర్థం కాలేదు. మేస్త్రీ వచ్చి పిల్లి భుజం పట్టుకుని పక్కకి తీసుకుపోయాడు. "ఆ మాట ఇంకెక్కడా అనకు. అంటే రేపటి నుంచి నీకూ పని ఉండదు, ఎవడికీ ఉండదు. ఇంటికెళ్ళు. మీ ఆవిడకి నువ్వే చెప్పాలి."

పిల్లి గేటు దాటాడు. చదునైన రోడ్డు మీద, గోడ పట్టుకుని పట్టుకుని నడిచాడు.

సాయంత్రం అందరూ దిగిపోయారు. పైన, కొక్కేనికి బామ్మర్ది రంగు డబ్బా ఇంకా వేలాడుతోంది. మీగడ కట్టిన రంగులో, కర్ర పైకి పెట్టుకుని, కుంచె నిటారుగా నిలబడి ఉంది.