పల్లకీలో సాక్ష్యం

రుకయ్యా బేగం మరిది ఫసీహుద్దీన్ మీద ఆస్తి దావా వేసింది. తీరా వాయిదా రోజున పట్నా కోర్టుకు ఆమె పల్లకీ వచ్చింది. తెరచాటు నుంచి సన్నటి గొంతు "ఆస్తంతా మరిదికే ఇచ్చేశాను" అంది. ఆమె వకీలు కుముదినీ ఘోషాల్ బిత్తరపోయి, పల్లకీలోకి చూస్తానంది.

"ఘోషా స్త్రీని వకీళ్లు చూడకూడదు," అన్నాడు అవతలి వకీలు.

"ఆడదానికి వకాల్తా ఎందుకని రోజూ మీరే అంటారుగా. ఆడదానిగానే చూస్తాను."

తెల్లదొర జడ్జి సరేనన్నాడు. కుముదిని తెర ఎత్తి చూసి, నవ్వాపుకుంటూ వెనక్కి వచ్చింది.

"హుజూర్, లోపలున్నది బేగం కాదు. ఆమె బట్టలు తొడుక్కున్న మీసాల మరిదిగారు."

దావా బేగమే గెలిచింది. ఆ రోజు వాయిదా లేదన్న మరిది మాట నమ్మి ఇంట్లో ఉండిపోయిన ఆమె, జరిగినదంతా విని అడిగింది.

"అంత లావు మనిషికి నా బట్టలెలా పట్టాయి వకీలమ్మా?"

"పట్టలేదు బేగం సాహిబా. కుట్లన్నీ విడిపోయాయి."