అక్కని అడగండి

టీ కప్పులు ఎంత రుద్దినా అడుగున గోధుమరంగు గీత ఒకటి మిగిలిపోతుంది. ఆమె ఆ గీతతో కుస్తీ పడుతుండగా ముందుగదిలో చప్పట్లు మోగాయి. వచ్చినవాళ్లకు రెండో విడత టీ ఇవ్వాలి, ఇంట్లో కప్పులు చాలవు, అందుకని కడిగినవి కడిగినట్టే తుడిచి ట్రేలో పెడుతోంది. భర్త గొంతు వంటింటిదాకా ఖంగున వినిపిస్తోంది. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి మాత్రమే నోరు విప్పే మనిషి, నలుగురు చేరితే చాలు, ధారాళంగా మాట్లాడతాడు. "ఇవాళ్టినుంచి మన ఇళ్ల మార్పిడి సైటు సరికొత్తది. మీ ప్రశ్నలకి జవాబు కోసం ఎవరి తీరికా చూసుకోనక్కర్లేదు. అదిగో, ఆ మూలనున్న బొమ్మని నొక్కండి."

ఆమె ట్రేతో గుమ్మంలోకి వచ్చేసరికి గోడమీద పెద్ద తెర వెలుగుతోంది. మూలన ఒక అమ్మాయి బొమ్మ. పాతికేళ్లుంటాయేమో, నున్నటి జుట్టు, చెవి దగ్గర మైకు, అలసట అంటే ఏమిటో ఎరగని మొహం. కింద 'అక్కని అడగండి' అని రాసి ఉంది. ముందు వరసలో ఎవరో ఏదో అడిగారు. బొమ్మ జవాబు చెప్పింది. "కంగారు పడకండి. ముందు కుళాయి కట్టేసి ఒక్క నిమిషం కూర్చోండి. ఇల్లెక్కడికీ పారిపోదు." ఆమె చేతుల్లో ట్రే ఒరిగింది. ఆ మాట ఆమెది. తెలియని ఇంట్లో నీళ్లు పొంగి గదులు మునిగాయని ఒకావిడ ఏడుస్తుంటే, ఇక్కడ పొయ్యి ఆపుకుని రాసిన మాట.

"అచ్చం అక్క రాసినట్టే ఉందే!" అన్నాడు పాత సభ్యుల్లో ఒకాయన, బడిలో లెక్కలు చెప్పే మాస్టారు. సైటుకు పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి, "ఇవన్నీ రాసిందెవరు?" అని అడిగాడు. భర్త ఆమెవైపు చెయ్యి ఊపి, "మా ఆవిడేనండీ. ఖాళీగా ఉన్నప్పుడు రాస్తుండేది," అన్నాడు. అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది. తర్వాత చాలా రోజులు ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తనని తాను తిట్టుకుంది.

ఖాళీగా ఉన్నప్పుడట! ఆ ఖాళీ ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలియాలి. ఇళ్ల మార్పిడి సైటు పెడదామన్నది ఆయన. సెలవులకి మీరు మా ఇంట్లో, మేము మీ ఇంట్లో, హోటలు ఖర్చు లేదు, పైగా అద్దె మాటే లేదు. సైటు తయారుచేసింది మరిది. "వచ్చిన ఉత్తరాలకి రెండు ముక్కలు జవాబు రాసిపెట్టు, ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా," అని మొదటిరోజు భర్త అన్నాడు. ఆ రెండు ముక్కలు ఏళ్ల తరబడి సాగాయి. మొహం చూడని మనిషికి ఇంటి తాళం ఇవ్వడమంటే మాటలా? రెండు వైపులా ఫోన్లు చేసి ధైర్యం చెప్పాలి. ఎవరి కుక్క గొడుగు చూస్తే మొరుగుతుందో, ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరి స్నానాలగది గడియ లోపల ఇరుక్కుంటుందో గుర్తుంచుకోవాలి. ఒక చేత్తో కూర కలుపుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, పెళ్లయిన కొత్తల్లో అత్తగారి చేత "మా కోడలికి మాటలు రావు" అనిపించుకున్న మనిషి, ఊళ్లూళ్ల వాళ్లకి మాట సాయం చేసింది. తనకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లు.

సైటులో ఆమె పెట్టిన నియమం ఒకటే ఒకటి. ఒకసారి ఒక టీచరమ్మ, మార్చుకున్న ఇంట్లో పట్టుమని వారం ఉండలేక వెనక్కి వచ్చేసింది. ఇల్లు అద్దంలా ఉందట, మనుషులు మంచివాళ్లట, కానీ ఆమె నాలుగు బట్టలు పెట్టుకోవడానికి ఎక్కడా జానెడు చోటు లేదట. "పెట్టెలోంచి తీసి కట్టుకుని, మళ్లీ పెట్టెలోనే పెడుతుంటే పరాయిదాన్ననిపించిందక్కా," అంది. ఆ మాట ఆమెకు ఎక్కడో గట్టిగా తగిలింది. ఆ రోజే మరిదిని కూర్చోబెట్టి, ఇంటి వివరాలు రాసేచోట ఒక ప్రశ్న చేర్పించింది. 'వచ్చేవాళ్ల కోసం ఏం ఖాళీ చేశారు?' ఒక్క అరైనా ఖాళీ చేసి, దాని ఫోటో పెట్టనిదే ఇల్లు సైటులోకి ఎక్కదు. "ఇదేం చాదస్తం" అని భర్త నవ్వాడు. సభ్యులు మాత్రం పోటీలు పడి అరలు తుడిచి, కాగితం పరిచి ఫోటోలు పంపేవాళ్లు.

కొత్త సైటులో ఆ ప్రశ్న లేదు. అరల ఫోటోలు లేవు. ఫోటోగ్రాఫర్ తీసిన హాళ్లు, సోఫాలు, ఇంటింటికీ మార్కులు వచ్చాయి. ఆమె పాత ఉత్తరాలన్నీ మరిది ఆ బొమ్మకు నూరిపోశాడు. అడగలేదేమని అంటే, "అడగడానికి ఏముంది వదినా, అవి సైటువేగా," అన్నాడు. భర్త ఇంకా తియ్యగా చెప్పాడు. "నీకోసమే చేయించాను. ఇక హాయిగా ఇల్లు చూసుకో." ఇన్నేళ్లూ ఇల్లెవరు చూశారో మరి!

సభ్యులు ఊరుకోలేదు. "ఇంటికి మార్కులేంటండీ, ఇదేమైనా పరీక్షా?" అని ఒకరు రాశారు. "మా అమ్మ పోయాక ఆవిడ అర తుడిచి ఖాళీ చేశాను. ఆ ఫోటో ఏదీ?" అని ఇంకొకరు. బొమ్మ సంగతి సరేసరి. ఒకరి ఇంటి గుట్లు ఇంకొకరికి చెప్పడం మొదలుపెట్టింది. పెరటి తాళంచెవి పక్కింటి దర్జీ దగ్గరుంటుందని నాలుగో అంతస్తులో దిగిన కుటుంబానికి చెప్పింది. వాళ్లు పక్కింటి లాయరును నిద్రలేపి పెరటి తాళం అడిగారు. ఒక పెద్దాయన వేరెవరి ఇంట్లోనో ఎప్పుడో చచ్చిపోయిన పిల్లికి పాలు పోద్దామని గిన్నె పట్టుకుని మిద్దంతా తిరిగాడు. "అక్కకి ఒంట్లో బాగాలేదా?" "అక్కని ఏం చేశారు?" అని గోలగోల. చివరికి మరిది తల గోక్కుంటూ అరల ప్రశ్నను మళ్లీ తెచ్చి పెట్టాడు.

అప్పుడు భర్త వంటింట్లోకి వచ్చాడు. మంచినీళ్లు కూడా తనే ముంచుకున్నాడు, అందుకే ఆమెకు అనుమానమొచ్చింది.

"కొన్నాళ్లు నువ్వే కూర్చుని జవాబులు రాయి. బొమ్మ వెనకాల. ఎవరికీ తెలియనక్కర్లేదు."

"అంటే నా మాటలు దొంగిలించిన మిషనుకి, నేను మిషనులాగా రాసిపెట్టాలా?"

"దొంగతనం లాంటి పెద్ద మాటలెందుకు? అయినా అక్క అనేది ఎవరి పేరూ కాదు. అందరికీ అక్కలుంటారు."

ఆమె రాసింది. ఆయన కోసం కాదు. చంటిపిల్లతో ఒక జంట తాళం తెరుచుకోక వీధిలో నిలబడి ఉంది, వాళ్లని అలా వదిలేయడం చేతకాలేదు. ఒకటి రాస్తే రెండోది వచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే సభ్యులు, "మిషను భలే బాగుపడింది" అని రాయసాగారు. భర్త అవి పెట్టుబడి పెద్దమనిషికి చదివి వినిపించాడు. "చూశారా, దానంతటదే నేర్చుకుంటోంది," అన్నాడు. గోడకివతల ఆమె ఆ మాట వింటూ, రాసి రాసి నొప్పెట్టిన చేతివేళ్లు నొక్కుకుంటూ కూర్చుంది. ఒళ్లు మండిపోయింది. అన్నేళ్ల చాకిరీకి పేరు రాలేదన్న బాధ పాతదే. చేస్తున్నది తనేనన్న సంగతి కూడా లేకుండా చెయ్యడం కొత్త.

ఒక మధ్యాహ్నం అత్తగారిని పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. మిషనుని దాని మానాన వదిలి వెళ్లింది. అప్పుడే సైటులో కొత్తగా చేరిన ఒకమ్మాయి సరదాగా అడిగింది. "అక్కా, మీ ఇంట్లో మీరు ఏ అర ఖాళీ చేస్తారు?" మిషను వెతికింది. ఆమె ఉత్తరాల్లోనే ఒకటి దొరికింది. ఉద్యోగం విరమించిన ఒక నర్సమ్మ ఒంటరిగా ఉంటుంది, సభ్యురాలిగా మొదలై స్నేహితురాలైంది. తన మనసు బాగాలేని రోజున ఆమె ఆవిడ ఒక్కదానికే రాసుకున్న ఉత్తరం. మిషనుకి ఏది అందరిదో ఏది ఒక్కరిదో ఎలా తెలుస్తుంది? కొత్త సైటులో ప్రతి జవాబూ అందరికీ కనబడుతుంది. ఇదీ కనబడింది.

"మా ఇంట్లో నాకంటూ ఒక్క అర లేదమ్మా. నా బట్టలు అత్తగారి బీరువాలో అట్టడుగున. నా కాగితాలు సరుకుల డబ్బాల వెనకాల. మరిది పుస్తకాలకి రెండు అల్మారాలు, ఆయన బూట్లకి ఒకటి. ఖాళీ చెయ్యాలంటే ముందు ఉండాలిగా?"

వాళ్లు తిరిగొచ్చేసరికి ఆ ఐదు వాక్యాల కింద జవాబులు బారులు తీరాయి. "నాకూ లేదు." "నాకు ఒక సొరుగు ఉండేది, అందులో ఇప్పుడు పిల్లల మందులు." "ఇది మిషను మాట కాదు. అక్కా, ఇక్కడే ఉన్నారా?" లెక్కల మాస్టారు కూడా రాశాడు. "మా ఆవిడ అర ఏదని ఆవిడనే అడిగాను. నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ నవ్వు నాకు బాగాలేదు."

భర్త గుమ్మంలోనే ఎదురయ్యాడు. "నా పరువు బజార్న పెట్టావు! ఎవరికో ఏదో రాసుకుంటావా? ఈ ఇంట్లో నీకేం తక్కువైంది?"

"ఒక అర," అంది ఆమె.

మత్తుమందుకి సగం మూతి తిమ్మిరెక్కిన అత్తగారు కుర్చీలో కూలబడింది. "నా బీరువా సంగతి ఊళ్లోవాళ్లకెందుకమ్మాయ్?" అని మాట ముద్దగా గొణిగింది. ఇంకాస్త ఆగి, కొడుకువైపు చూడకుండా, "అదైనా నాదా ఏం? తాళంచెవి వాడి జేబులోనే ఉంటుంది," అంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక అత్తగారి నోట తనవైపు మాట వినడం ఆమెకదే మొదలు.

భర్త ఆ మాట విననట్టే చేశాడు. "పెట్టుబడాయన ఫోన్ చేశాడు. ఇప్పుడే కూర్చుని రాయి. అది మిషను తప్పు, అలాంటి మాట మా ఇంట్లో ఎవరూ రాయలేదు అని. అక్క పేరుతోనే రాయి, నమ్ముతారు."

"రెండు ముక్కలు వదినా, గొడవ వదిలిపోతుంది," అన్నాడు మరిది. రెండు ముక్కలే. ఎప్పుడూ ఆ రెండు ముక్కలే.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ ఉత్తరం తను రాయలేదని తనే రాయాలి. పని పోయింది, పేరు పోయింది, ఇప్పుడు బాధ కూడా మిషనుదని ఒప్పుకుంటే ఇక తనకంటూ మిగిలేదేమిటి? కోపంతోనే రాస్తున్నానని ఆమెకు తెలుసు, అందుకని ఆపలేదు. "ఈ జవాబు మిషను తప్పు కాదు. ఆ మాట నాది. మొన్నటినుంచి మీరు మెచ్చుకుంటున్న జవాబులూ నావే. మీకు జవాబు చెప్పిన అక్క ఎప్పుడూ బొమ్మ కాదు," అని రాసి పంపింది. పంపాక చూస్తే నర్సమ్మ నుంచి ఉత్తరం వచ్చి ఉంది.

"ఎన్నాళ్లనుంచో చెప్తున్నాను, ఇప్పుడైనా రా. మా ఇంట్లో నీకు రెండు అరలు, ఒక కిటికీ. ఊరికే ఉండమంటే వద్దంటావని తెలుసు, కాబట్టి మార్పిడే చేసుకుందాం. నేను మీ ఇంటికొచ్చి కాలుమీద కాలేసుకుని కూర్చుంటా. ముప్పై ఏళ్లు మంచంపట్టినవాళ్లకి చేశాను, లేచి తిరిగే మగవాళ్లకి మాత్రం చెయ్యను."

ఆమెకు నవ్వొచ్చింది. ఈసారి ఆ నవ్వుమీద ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు. ఇన్ని వేల ఇళ్లు మార్పించిన మనిషి తన ఇల్లు ఒక్కసారి కూడా సైటులో పెట్టలేదు. అందరూ సెలవులకి పోయినప్పుడు ఎవరో ఒకరు ఫోన్ దగ్గర ఉండాలిగా.

'ఇల్లు చేర్చండి' అన్నచోట నొక్కింది.

"రాశావా?" ముందుగదిలోంచి భర్త కేక.

"రాస్తున్నా," అంది.

ఇంటి గురించి వచ్చేవాళ్లకి చెప్పాల్సినవి: "పొయ్యి ఎడమవైపు గుబ్బ గట్టిగా తిప్పాలి. ఇద్దరు మగవాళ్లున్నారు. పొయ్యి ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు, తెలియదంటే నమ్మకండి. తువ్వాలు ఏదని అడుగుతారు, వాళ్ల కళ్లముందే ఉంటుంది. అత్తగారికి వారం దాకా మెత్తటివే పెట్టాలి, ఆ సంగతి ఆవిడ కొడుకులకి చెప్పాను. ఆవిడ కబుర్లు బాగుంటాయి. అడిగి చూడండి, ఇన్నేళ్లూ ఎవరం అడగలేదు."

చివర్న తను పెట్టించిన ప్రశ్నే మిగిలింది. 'వచ్చేవాళ్ల కోసం ఏం ఖాళీ చేశారు?' ఆమె లేచి వెళ్లి, కొక్కేనికున్న భర్త చొక్కా జేబులోంచి తాళంచెవి తీసుకుని, అత్తగారి బీరువా అడుగునుంచి తన బట్టలు తీసి పెట్టెలో సర్దింది. సరుకుల డబ్బాల వెనకనుంచి కాగితాలు తెచ్చుకుంది. భర్త మళ్లీ కేకేశాడు, టీ అని. ఆమె కుర్చీలో కూర్చుని, తీరిగ్గా జవాబు రాసింది.

"ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది ఒక్కటే, నేను చేసే చాకిరీ. దాన్ని ఖాళీ చేసి వెళ్తున్నాను. దయచేసి ఆ చోటు మీరు నింపకండి."