ఖాళీ చేయమన్న గది

మూడో అంతస్తు నుంచి బెంచీలు దించేసరికి హమాలీకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇనుప కాళ్లు వీపులో గుచ్చుకుంటున్నాయి. మెట్ల మలుపు ఇరుకు. లిఫ్టు ఉంది కానీ, అది సామాన్లకు కాదని గోడ మీద రాసిపెట్టారు. సామాన్లు మోసేవాళ్లకూ కాదని వేరే రాయనక్కర్లేదు కదా.

"మధ్యాహ్నానికల్లా గది ఖాళీ అయిపోవాలి. లారీలో గాజు కౌంటరుంది, అది పైకెక్కాలి. దాని మీద గీత పడిందో, మీ కూలీలోంచే కోస్తా," అన్నాడు కింద నిలబడ్డ మేస్త్రీ.

"కొయ్యడానికి మిగలాలిగా మేస్త్రీ," అన్నాడు జత కూలీ. కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీద అతన్ని అందరూ పొట్టివాడనే పిలుస్తారు.

హమాలీ విసుక్కోలేదు. ఆ పూట అతనికి లోలోపల సంతోషంగానే ఉంది. అన్న కూతురు చదువుకునే కాలేజీ ఇది. ఆ పిల్ల గేటు దాటి లోపలికి వెళ్లడం చాలాసార్లు చూశాడు కానీ, తాను అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. ఏ గదిలో కూర్చుంటుందో అనుకుంటూ ప్రతి తలుపులోకీ తొంగిచూశాడు. పాత బెంచీలు తీసేసి పిల్లలకు కొత్తవి వేస్తున్నారు కాబోలు, మంచిదే అనుకున్నాడు. ఎవరైనా చెబితేనే కదా ఇంకోలా అనుకోవడానికి.

అన్న పోయేనాటికి ఆ పిల్ల చిన్నది. వీధి కింద మురుగు గొట్టం పగిలి మంచినీళ్లలో కలిసింది. వాంతులతో ఆస్పత్రికి వెళ్లినవాళ్లకు సెలైన్ ఎక్కించి, బాగుచేసి ఇంటికి పంపించారు. ఇంటికొచ్చి వాళ్లు మళ్లీ అవే నీళ్లు తాగారు. రెండోసారి ఆస్పత్రికి వెళ్లిన అన్న మరి తిరిగి రాలేదు. ఆస్పత్రి వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల పని వాళ్లు చేశారు. గొట్టం మాత్రం ఎవరి పనీ కాలేదు. వీధిలో ఇంకెందరు పోయాక దాన్ని తవ్వారో తలుచుకుంటే ఇప్పటికీ హమాలీకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పెద్దదయ్యాక ఆ పిల్ల ప్రజారోగ్యం డిగ్రీలో చేరతానంది. ఆ చుట్టుపక్కల ఆ చదువున్నది ఈ ఒక్క కాలేజీలోనే. వీధిలో వాళ్లకు ఆరోగ్యం అన్న మాట ఒక్కటే చెవిన పడింది. ఇంకేముంది, మోకాళ్ల నొప్పులవాళ్లూ దగ్గులవాళ్లూ డాక్టరమ్మా అంటూ గుమ్మం ముందు చేరారు. హమాలీ కూడా అడ్డా మీద మా అమ్మాయి డాక్టరు చదువుతోందని టముకు వేశాడు. చివరికి ఒకనాడు అన్నాల దగ్గర ఆ పిల్లే సరిదిద్దింది.

"బాబాయ్, నేను మందులిచ్చే డాక్టర్ని కాను. డాక్టరు దాకా పోయే పని పడకుండా చూడ్డం మా చదువు. నీళ్లెక్కడ చెడ్డాయి, జ్వరం ఏ వీధిలో మొదలైంది, ఎవర్ని నిలదియ్యాలి, అదీ."

"సూది కూడా వెయ్యవా?"

"వెయ్యను."

"మరి వీధి వీధంతా డాక్టరమ్మా అంటున్నారే."

"అనిపించింది నువ్వే కదా."

వడ్డిస్తున్న హమాలీ భార్య పకపకా నవ్వింది.  హమాలీ చెప్పుకున్న ఇన్నాళ్ల గొప్పలూ నీళ్లపాలయ్యాయి. ముద్ద కలుపుతూ, "అప్పుడు నీలాంటిదొకతి ఉండుంటే, మా అన్న బతికేవాడేనా?" అని అడిగాడు. ఆ పిల్ల అతని గ్లాసులో కాచి చల్లార్చిన నీళ్లు పోసింది. మర్నాటి నుంచి హమాలీ డాక్టరు అనడం మానేశాడు. ఎవరైనా అడిగితే, డాక్టరు కంటే పెద్ద చదువు అనడం మొదలుపెట్టాడు.

ఇప్పుడతను మరో బెంచీ వీపుకెత్తుకుని మెట్లు దిగుతున్నాడు. పైమెట్ల మీద పొట్టివాడు ఇంకో బెంచీతో వస్తున్నాడు. మలుపు దగ్గర కిందినుంచి కొందరు పిల్లలు గబగబా ఎదురొచ్చారు. ముందున్నది అన్న కూతురు. వెనకాలే ప్రిన్సిపాల్ ఆయాసపడుతూ ఎక్కుతున్నాడు.

"బాబాయ్, నువ్వా?" అని ఆ పిల్ల ఆగిపోయింది. "అది మా బెంచీ."

 పొద్దుటినుంచి తన ఇంటి పిల్ల చదువునే వీపు మీద మోసుకొచ్చి వరండాలో పడేస్తున్నాడన్నమాట.

ఆ పిల్ల ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "మా డిగ్రీ ఎత్తేసే సంగతి మాట్లాడదాం రమ్మని మమ్మల్ని కింద కూర్చోబెట్టి, పైన గది ఖాళీ చేయిస్తున్నారా సార్?"

"ఎవరూ చేరడం లేదమ్మా, నన్నేం చెయ్యమంటావ్? చేరినవాళ్లకు ఉద్యోగాలెక్కడున్నాయి? అదే ఆస్పత్రి మేనేజ్‌మెంట్ అనుకో, చదువవగానే కౌంటర్లో కూర్చోవచ్చు. మీ అందర్నీ అందులోకి మార్చేస్తాం."

"చెప్పే మేడమ్ వెళ్లిపోతే ఇంకొకర్ని వెయ్యలేదు. ఆ చదువొకటుందని బయట ఒక్కళ్లకీ చెప్పలేదు. ఇప్పుడేమో ఎవరూ చేరట్లేదంటారా? జబ్బు చేసి వచ్చినవాళ్లకు బిల్లు వెయ్యడం నేర్పుతారు, జబ్బు రాకుండా చూడ్డం మాత్రం నేర్పరు."

"నీకంత ఇష్టమైతే విదేశాల్లో ఎన్ని లేవమ్మా ఇలాంటి డిగ్రీలు? వెళ్లి చదువుకో. ఎవరొద్దన్నారు?"

హమాలీకి కూతురు వరసైన పిల్లతో ఆ మాట అనడానికి ప్రిన్సిపాల్‌కి నోరెలా వచ్చిందో. ఎగతాళి కూడా కాదది, నిజంగానే సలహా ఇస్తున్నాననుకున్నాడు. అదే ఒళ్లు మండించే సంగతి.

"అయ్యా," అన్నాడు హమాలీ, బెంచీ కిందనుంచి. "ఈ గది తీసేస్తే ఆ చదువు మాకు ఇంకెక్కడ చెబుతారు?"

"ఇక్కడైతే ఇంకెక్కడా లేదు. నీకెందుకయ్యా, నీ పని నువ్వు చూసుకో."

హమాలీల్లో ఒక కట్టుబాటుంది. ఎత్తుకున్న బరువు చెప్పిన చోటికి చేరి తీరాలి. మధ్యలో దించినవాణ్ణి, వెనక్కి తిప్పినవాణ్ణి మర్నాడు అడ్డా మీద ఎవరూ జతకు పిలవరు. ఆ సంగతి హమాలీకి ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. కుర్రతనం నుంచీ అదే తిండి పెట్టింది.

అతను కాలు మార్చి, గోడకు రాసుకుంటూ బెంచీని వెనక్కి తిప్పాడు. పైమెట్టు మీద పొట్టివాడు అడ్డంగా ఉన్నాడు.

"దారియ్యిరా."

"అన్నా, నా ఇంట్లో పొయ్యి వెలగాలి."

"నిన్ను రమ్మన్నానా? దారియ్యమన్నా."

పొట్టివాడు గోడకు అతుక్కుని దారిచ్చాడు. హమాలీ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వెనకనుంచి బరువు కాస్త తేలికపడింది. అన్న కూతురు కింది కొసకు భుజం పెట్టింది.

"ఒరేయ్, ఎటు పోతున్నావురా? కూలి కావాలా వద్దా?" అని కిందినుంచి మేస్త్రీ కేకేశాడు.

"బెంచీలు దించడానికే కదా నీతో మాట్లాడుకున్నది," అన్నాడు హమాలీ. "ఎక్కించడానికి నువ్వేం ఇవ్వక్కర్లేదు."

మిగతా పిల్లలు బెంచీల కోసం వరండాలోకి పరుగెత్తారు. ప్రిన్సిపాల్ జేబులోంచి ఫోను తీసి ఎవరినో పిలుస్తున్నాడు. మేస్త్రీ ఇప్పుడు పొట్టివాణ్ణి పేరు పెట్టి తిడుతున్నాడు. పొట్టివాడు వీపు మీద బెంచీతో ఆ మలుపులోనే నిలబడ్డాడు. కిందికి దిగలేదు, పైకీ ఎక్కలేదు.