చెలకలో తోట

1998 ఎండాకాలంలో, నగరం అంచున కొత్తగూడ దాటాక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కట్టిన భవనం ముందు ఎకరం స్థలంలో తోట వేసే పని భ్రమరాంబకు వచ్చింది. ఆమెది తెనాలి. బాపట్లలో వ్యవసాయం చదువుకుని, నగరంలో తోటలు వేసే కాంట్రాక్టరు దగ్గర చేరి రెండేళ్లయింది. పూర్తిగా ఆమె చేతికే అప్పగించిన మొదటి పని ఇది.

కంపెనీ వాళ్లు పచ్చిక అడిగితే పచ్చికే వేసింది. నెల తిరక్కుండా అది మాడిపోయింది. పైన జానెడు ఎర్రమట్టి, కింద అంతా బండ. ఉన్న ఒక్క బోరూ భవనానికే చాలదు. దానికి తోడు రోజంతా గాలి.

మాడిన గడ్డిని ఏరుతున్న కూలీల్లో రుక్కమ్మ అనే నడివయసు మనిషి ఒక రోజు తలెత్తకుండానే అంది.

"గిది చెలక మేడం, వాన పడితెనే పండే నేల. గీడ గడ్డెట్ల బతుకుతది?"

"నీకెలా తెలుసు?"

"మా చెలకనే ఇది. మూడేండ్ల కింద అమ్మినం."

ఆ రోజు నుంచి భ్రమరాంబ తన కాగితాలు పట్టుకుని రుక్కమ్మ పక్కనే కూర్చునేది. గాలి పడమటి నుంచి కొడుతుందని, ఆషాఢంలో మనిషినే నిలవనియ్యదని రుక్కమ్మ చెప్పింది. ముందు కానుగ, వేప వరుసగా పెట్టి, వాటి చాటున తంగేడు, గన్నేరు పెట్టమంది. వాన నీరు ఎటు పారుతుందో కాలితో గీసి చూపించింది. భ్రమరాంబ పచ్చిక తీసేసి కంకర పరిచింది. మొక్కల మొదళ్లలో ఎండుటాకులు కప్పించింది. రెండేళ్లు కాస్త నీళ్లు పోస్తే ఆ తర్వాత ఎవరూ చూడక్కర్లేని తోట అవుతుందని కంపెనీ వాళ్లకు చెప్పింది.

ఉత్తరం మూలన ఒక అడవి సీతాఫలం చెట్టు, దాని కింద మోకాలెత్తు రాళ్ల కుప్ప ఉన్నాయి. రుక్కమ్మ మధ్యాహ్నం సద్ది అక్కడే తినేది.

"అన్నీ నీ ఇష్టమే గానీ గా రాళ్లను ముట్టకు బిడ్డా," అందొకసారి.

"ఎందుకు?"

రుక్కమ్మ సద్దిగిన్నె మూత పెట్టింది. "గాలికి అడ్డముంటయి. ఉండనీ."

ఆషాఢం వచ్చింది. రుక్కమ్మ తన అక్క కూతురికి కాన్పయిందని మూడు రోజులు ఊరెళ్లింది. ఆ మూడు రోజులూ గాలి ఆగలేదు. కొత్తగా పెట్టిన కానుగ మొక్కలు ఒక్కొక్కటే నేలకు ఒరిగిపోతుంటే భ్రమరాంబకు ఏడుపొచ్చింది. గాలే తగలని మూలన ఆ రాళ్లు ఉండి ఏం లాభం అనుకుంది. వాటిని మోయించి, భవనం కట్టగా మిగిలిన రాళ్లు కలిపి, పడమటి వైపు నడుమెత్తు గోడలా పేర్పించింది. మొక్కలు నిలబడ్డాయి. ఉత్తరం మూల పల్లం, మట్టి లోతున్నదీ అక్కడే కాబట్టి, వాన నీరు ఇంకడానికి మిషన్‌తో అక్కడే పెద్ద గుంత తవ్వించింది. సీతాఫలం చెట్టు పోయింది. మట్టిని లారీలో ఎత్తించి పంపేశారు.

నాలుగోరోజు పొద్దున రుక్కమ్మ వచ్చింది. భ్రమరాంబ ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది.

"రా రుక్కమ్మా, గోడ చూపిస్తాను. ఒక్క మొక్క కూడా పోలేదు!"

రుక్కమ్మ గోడ వైపు చూడలేదు. గుంత అంచుదాకా నడిచి, లోపలికి చూస్తూ నిలబడింది.

"నా బిడ్డనేం జేసినవమ్మా?"

"ఏ బిడ్డ?" అంది భ్రమరాంబ.

"మూడేండ్ల పిల్ల. జరమొస్తే దవాఖానకు తీస్కపోయేలోపే పాయె. గీడనే పెట్టినం. భాగ్య, దాని పేరు." ఆమె గొంతు పెరగలేదు. "చెలక అమ్మినంక ఇంకెట్ల జూస్త దాన్ని? గందుకే గీడ కూలికొచ్చిన."

భ్రమరాంబ పరుగెత్తి లారీ డ్రైవరును వెతికింది. మట్టి ఎక్కడ పోశావంటే మదీనాగూడ వైపు, కొత్త ప్లాట్లలో రోడ్డు వేస్తున్న చోట అన్నాడు. అదే లారీలో ఇద్దరూ వెళ్లారు. దారంతా రుక్కమ్మ ఒడిలో సద్దిగిన్నె పెట్టుకుని కూర్చుంది.

అక్కడ మట్టి కుప్పలు లేవు. అంతా పరిచి, నీళ్లు కొట్టి, రోలరు తిప్పేశారు. రెండొందల గజాల పొడవున ఎర్రటి రోడ్డు నున్నగా ఉంది. భ్రమరాంబ మేస్త్రీని పట్టుకుని, నిన్న కొత్తగూడ నుంచి వచ్చిన మట్టి ఎక్కడ పోశారని అడిగింది.

"ఎక్కడని చెప్పమంటారండీ? పాతిక లారీలు వచ్చాయి," అన్నాడతను.

రుక్కమ్మ చెప్పులు విడిచి ఆ రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నడిచింది. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగింది. తిరిగొచ్చి, "ఇగ పోదాం," అంది.

మర్నాటి నుంచి ఆమె పనికి రాలేదు. వారం చూసి భ్రమరాంబ వాళ్లింటికి వెళ్లింది. రుక్కమ్మ చాప పరిచి కూర్చోబెట్టింది. మంచినీళ్లిచ్చింది. భ్రమరాంబ ఆమె కాళ్ల మీద పడి ఏడ్చింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే నేను ముట్టుకునేదాన్నా రుక్కమ్మా?"

"చెప్తే తీసెయ్యమంటరేమో అని భయపడ్డ. పెద్ద కంపెనీ. ముంగట సమాధి ఉంటే ఊకుంటరా? దాస్తే బతుకుతదనుకున్న." ఆమె భ్రమరాంబను లేపి కూర్చోబెట్టింది. "నువ్వు ఏం జేసినవ్? గాలికడ్డమని చెప్పిన నా నోరే దాన్ని పోగొట్టింది."

"అలా అనకు."

"మల్ల రాకు బిడ్డా. నిన్ను తిడదామంటే తిట్టు వస్తలేదు. తిట్టగలిగితే జర పానం తేలికయ్యేది."

భ్రమరాంబ మళ్లీ వెళ్లలేదు. తోట నిలిచింది. మరుసటి ఎండాకాలం చుట్టుపక్కల భవనాల ముందు మొక్కలన్నీ మాడిపోతే, అక్కడ మాత్రం కానుగలు చిగిర్చాయి. చూడటానికి వచ్చిన వాళ్లు ఇంత తక్కువ నీటితో ఎలా పెంచారని అడిగేవారు. భ్రమరాంబ మొక్కల పేర్లు చెప్పేది, గాలి ఎటు నుంచి వస్తుందో చెప్పేది. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగితే మాత్రం, ఉత్తరం మూలన గుంత దగ్గరికి వెళ్లి రాలిన ఆకులు ఏరేది.