అరువు తెచ్చిన ఇనప చొక్కా

రెండో కంప్యూటరు కీబోర్డును తలకిందులు చేసి వెంకటేశులు అరచేత్తో నాలుగు దెబ్బలు వేశాడు. బొరుగుల పొట్టు, విరిగిన అగరబత్తి కొన, ఎవరో కొరికి పారేసిన గోరు రాలాయి. వాటిని పాత పేపరు ముక్కలోకి ఎత్తి, తడిగుడ్డతో ఒక్కో మీటా తుడవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం మూడింటికి అమ్ముడుపోయి వెళ్ళిపోయే సరుకును ఇంత శ్రద్ధగా తుడిచే మనిషి మదనపల్లె మొత్తం వెతికినా దొరకడు. అత్తారింటికి పోయే పిల్లను తల దువ్వకుండా పంపుతామా అన్నది అతని లెక్క.

నలభై ఆరేళ్ళ మనిషి. సన్నటి మెడ, ఆ మెడకు రెండు వేళ్ళు పట్టేంత వదులు కాలరు, ముక్కుకు రెండు పక్కలా కళ్ళద్దాలు ఒత్తిన నల్ల మచ్చలు. కుడిచేతి చిటికెనవేలు కొంచెం బయటికి వంగి ఉంటుంది. పదేళ్ళకు పైగా టైపు మిషను బరువు మీటలు కొట్టిన గుర్తు అది. దారిలో ఎదురైతే చూసి, వీధి మలుపు తిరిగేలోగా మరిచిపోయే ముఖం. ఆ సంగతి అతనికీ తెలుసు, దానికి అతనెప్పుడూ నొచ్చుకోలేదు.

అది రెండువేల ఏడు ఏప్రిల్. బస్టాండు వెనక మేడ మీద ఆరు కంప్యూటర్ల నెట్ సెంటరు, వెంకటేశులు పనిచేసేది అక్కడే. ఈరోజే దాని చివరి రోజు. కనెక్షన్లు ఇళ్ళకే వచ్చేస్తుంటే మెట్లెక్కి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఓనరు కిరణ్ మిషన్లన్నీ కలకడలో ఒక బడికి అమ్మేశాడు. రేపటి నుంచి వెంకటేశులు తానుండే పుంగనూరులోనే ఒక జిరాక్సు అంగట్లో కూర్చుంటాడు. అక్కడ కంప్యూటరు లేదు. రోజూ బస్సులో పోను రాను తిప్పలు తప్పినందుకు భార్య మునీశ్వరికి సంతోషం.

"రేపట్నించి మద్యాన్నం ఇంటికొచ్చి సంగటి తినొచ్చు. మొగం యాల అట్ల పెట్టుకోనుండావప్పా?" అంది పొద్దున, క్యారియర్లో చిత్రాన్నం సర్దుతూ.

ఏం చెబుతాడు? ముక్కూ మొహం తెలియని ఒక మనిషి ఇనప చొక్కా నా దగ్గర ఉండిపోయింది, ఆ మనిషి పేరు కొంగ, మూడింటిలోగా అతన్ని పట్టుకుని తిరిగివ్వాలి అంటే కట్టుకున్న భార్య ఏమనుకుంటుంది? క్యారియరు అందుకుని బస్సెక్కేశాడు.

ఆ చొక్కా కంప్యూటర్లో ఆడే ఒక ఆటలోది. దాని అసలు పేరు ఎవరికీ పట్టలేదు, తెర మీద మొదట కోట కనిపిస్తుంది కాబట్టి సెంటరుకొచ్చే కాలేజీ పిల్లలు 'కోట ఆట' అనేవాళ్ళు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో ఒకేసారి అందులో తిరుగుతుంటారు. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం సెంటరు ఖాళీగా ఉంటే, చూద్దామని వెంకటేశులు కూడా దిగాడు. దిగి చచ్చాడు. కోట నుంచి ఊళ్ళోకి పోవాలంటే ఒక రాతి వంతెన దాటాలి, దాని మీద తోడేళ్ళుంటాయి. టైపు మీటల మీద గుర్రాల్లా పరుగెత్తే అతని వేళ్ళు మౌసు పట్టుకుంటే బురదలో దిగబడ్డ ఎద్దులయ్యేవి. పదకొండుసార్లు చచ్చాడు. ఆ ఆటలో చచ్చినవాడి మూటాముల్లె అక్కడే పడిపోతాయి, ఎవరు తీసుకుపోయినా అడిగే దిక్కుండదు.

పన్నెండోసారి చచ్చి, మళ్ళీ కోట నుంచి ఏడుపు మొహంతో నడిచి వచ్చేసరికి వంతెన మీద ఒక నిలువెత్తు మనిషి నిలబడి ఉన్నాడు. తల మీద రాసిన పేరు హెరాన్. నిఘంటువు చూస్తే కొంగ అని ఉంది. వచ్చిన తోడేలును వచ్చినట్టే నరుకుతూ, వెంకటేశులు పడేసుకున్న సామానుకు కాపలా కాస్తున్నాడు. ఆ కత్తి తిప్పడం చూస్తే తెలుస్తుంది ఏళ్ళ తరబడి ఆడిన చెయ్యి అని. సామానంతా అప్పగించి, తన సంచిలోంచి ఒక ఇనప చొక్కా తీసి ఇచ్చాడు.

అతను రాసింది ఇంగ్లీషే. వెంకటేశులు మనసులో చదువుకున్నది మాత్రం పుంగనూరు మాటలోనే. 'ఇది ఏసుకోప్పా. తోడేలు పల్లు దిగవు. నేను ఈడనే ఉండాను, నువ్వు దాటుకో.'

వెంకటేశులుకు వచ్చిన ఇంగ్లీషంతా అర్జీల ఇంగ్లీషు. "రెస్పెక్టెడ్ సార్, ఐ హంబ్లీ బెగ్ టు సబ్మిట్ దట్" అని మొదలుపెట్టాడు. మాటలు రాసే గడి చిన్నది. అసలు విషయం వచ్చేలోగా అది నిండిపోయింది. మూడుసార్లు కొడితే గానీ, ఎప్పుడు తిరిగివ్వాలి అన్న ప్రశ్న బయటపడలేదు. 'నీకు జరిగినప్పుడు' అన్నాడు హెరాన్.

ఆ మాట వెంకటేశులు అంతకుముందు ఒకసారి విన్నాడు. తొంభై మూడులో, పుంగనూరు ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా, రేకుల పంచలో. అక్కడ అర్జీలు కొట్టే గురప్ప, మిషను కొనుక్కునే స్తోమత లేని వెంకటేశులుకు తన రెండో మిషను ఇచ్చాడు. "పెట్టుకోప్పా, నీకు జరిగినప్పుడు తెచ్చియ్యి" అన్నాడు. ఆ మిషను మీదే వెంకటేశులు బతికాడు, పెళ్ళి చేసుకున్నాడు, సొంత మిషను కొన్నాడు. కొన్నాక కూడా రేపు, ఎల్లుండి అంటూ ఏడాదిన్నర జరిపాడు. ఈలోగా గురప్ప కూతురి దగ్గరికి కుప్పం వెళ్ళిపోయాడు. చివరికి ఒకరోజు వెంకటేశులు మిషనును ఒళ్ళో పెట్టుకుని కుప్పం బస్సెక్కాడు. వీధులన్నీ అడిగి అడిగి ఇల్లు పట్టుకుంటే, కూతురు అమరావతి గడపలోనే నిలబడి, "నాయన పొయ్యి నెలన్నర అయ్యిందప్పా" అంది. మిషను తీసుకోలేదు. "మా ఇంట్లో దాన్ని కొట్టేవాళ్ళు ఎవురుండారు?" అంది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చాడు. పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడు అది బరువనిపించింది. ఇప్పటికీ మంచం కింద పాత చీరలో చుట్టి ఉంది. మునీశ్వరి దుమ్ము దులుపుతుంది గానీ అతను దానివైపు చూడడు.

అందుకే ఈసారి అలా జరగకూడదు. ఇక్కడా రేపు, ఎల్లుండి అనుకుంటూనే రోజులు జరిపాడు, ఇప్పుడు నాలుగు నెలలుగా హెరాన్ ఆ వంతెన దగ్గరికి రావడం లేదు. ఈరోజు దొరక్కపోతే ఇంకెప్పటికీ దొరకడు. కుప్పానికైతే బస్సుంది, కొంగ ఉండే ఊరు ఏ దేశంలో ఉందో ఎవరికి తెలుసు? ఒకసారి మాత్రం, ఈడ వాన పడతాంది అన్నాడు. అంతే తెలుసు.

పదింటికి ఆట తెరిచి వంతెన మీద నిలబడ్డాడు. దారినపోయే ప్రతివాళ్ళకీ అర్జీ పెట్టుకున్నాడు. హెరాన్ గారి ఆచూకీ తెలిపి పుణ్యం కట్టుకోవలసిందిగా ప్రార్థన. కొమ్ముల టోపీ వాడొకడు నవ్వాడు. అదే అర్జీ రెండోసారి చదివి నవ్వు ఆపేశాడు. 'నాకు తెలిసినోళ్ళని అడిగి సూస్తా, నువ్వు ఈడనే ఉండు' అని వెళ్ళిపోయాడు. పచ్చ అంగీ ఆవిడొకరు, తెల్లగుర్రం వాడొకడు కూడా అదే మాట అన్నారు. ఎవరూ రాలేదు. పన్నెండుకు కరెంటు కోత, మళ్ళీ రెండుకు గానీ రాదు.

పదకొండున్నరకు చౌడేపల్లె నుంచి నారాయణమ్మ అనే ముసలామె మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. పింఛను ఆగిపోయిందట, అర్జీ కొట్టించాలి. వెంకటేశులు గడియారం చూశాడు. ఉన్నది అరగంట. రెండు మాటల్లో కొట్టి పంపేయొచ్చు. కానీ రెండు మాటల అర్జీ బల్ల మీదే పడి ఉంటుందని అతనికంటే తెలిసినవాళ్ళు లేరు. వంతెనను వదిలేసి ఇటు తిరిగాడు. మొగుడు ఎప్పుడు పోయాడు, ఏ నెల నుంచి ఆగింది, ఎన్నిసార్లు తిరిగావు అని ఓపికగా అడిగి, ఆఫీసరు పక్కన పెట్టలేనట్టుగా అర్జీ కొట్టి, వేలిముద్ర వేయించాడు. ముసలామె కొంగు ముడి విప్పి గుప్పెడు పచ్చి శెనక్కాయలు బల్ల మీద పోసింది.

"వద్దమ్మా" అన్నాడు.

"తీసుకోప్పా. ఊరికే సేయించుకోని పోతే నాకు మనసు ఒప్పదు."

తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆమె మెట్లు దిగేలోగా కరెంటు పోయింది.

ఆ రెండు గంటలూ ఎలా గడిచాయో అడగకూడదు. కిటికీలోంచి కింద టమోటా లారీలు బారులు తీరి పోతుంటే లెక్కపెట్టాడు, లెక్క తప్పాడు. కిరణ్ వచ్చి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

"అన్నా, ఆటో ముందే వచ్చేట్టుండాది. నువ్వు ముందు బస్సుకే పో, ఇంకేం పనుండాది ఈడ?"

"ఒకరిది ఒక వస్తువు ఇచ్చేది ఉండాదప్పా" అన్నాడు వెంకటేశులు. ఎవరిది, ఏ వస్తువు అని కిరణ్ అడగలేదు. ఎప్పుడూ ఏమీ అడగని మనిషి అలా అన్నాడంటే అడగాల్సిన పని లేదనుకున్నాడు.

రెండుంబావుకు కరెంటొచ్చింది. కంప్యూటరు లేచి, ఆట తెరుచుకునేసరికి రెండున్నర. వంతెన మీదికి వచ్చీ రాగానే వెంకటేశులు చేసిన మొదటి పని, ఇనప చొక్కా విప్పి సంచిలో పెట్టుకోవడం. ఒంటి మీది చొక్కా విప్పి ఎదుటివాడి చేతికి ఎవరైనా ఇస్తారా? తీసి మడిచి ఇస్తారు. ఆ మర్యాదలో పడి తోడేళ్ళ సంగతి మరిచిపోయాడు. మూడు తోడేళ్ళు ఒకేసారి మీదికి దూకాయి. ఇప్పుడు చస్తే చొక్కా వంతెన మీద పడిపోతుంది, ఎవరు పడితే వాళ్ళు ఎత్తుకుపోతారు.

చావలేదు. కొమ్ముల టోపీ వాడు ఒక తోడేలును, పచ్చ అంగీ ఆవిడ ఇంకోదాన్ని, తెల్లగుర్రం వాడు మూడోదాన్ని పడగొట్టారు. వాళ్ళు ముగ్గురే కాదు, వెంకటేశులు ఎన్నడూ చూడనివాళ్ళు మరో నలుగురు వచ్చి అతని చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డారు. 'యాడికి పొయ్యినావప్పా? రెండు గంటల్నించి సూస్తాండాము. ఆ మనిషికి కబురు పోయింది. కదలద్దు.'

పక్కన కిరణ్ ఒకటో కంప్యూటరు ఎత్తించాడు. రెండోది ఎత్తించాడు. ఆరో కంప్యూటరు ముందు కూర్చున్న వెంకటేశులు భుజం మీదుగా అతను తెర వైపు చూసి, ఆటోవాళ్ళతో "ఆరోది అన్నీ అయినాక కడాకు పెట్టండి" అన్నాడు.

మూడుకు పది నిమిషాలుందనగా వంతెన అవతలి చివర హెరాన్ కనిపించాడు. వెంకటేశులు గుండెల మీద కుంపటి దిగిపోయింది. బతికే ఉన్నాడు. ఆ ఒక్క మాటే మనసులో పదిసార్లు అనుకున్నాడు. బతికే ఉన్నాడు.

హెరాన్‌కు అసలు గుర్తే లేదు. అలాంటి చొక్కాలు ఎంతమందికి ఇచ్చాడో! 'ఉంచుకోప్పా' అన్నాడు. వెంకటేశులు అర్జీ ఇంగ్లీషు మరిచిపోయి, ఉన్న నాలుగు మాటల్లో చెప్పేశాడు. రేపట్నుంచి నాకు కంప్యూటర్ లేదు సార్. ఇది మీకు ఇవ్వకుండా పోలేను సార్.

హెరాన్ రెండు చేతులూ చాచాడు. చొక్కా ఇటు నుంచి అటు పోయింది. దాని వెంబడి నలభై రొట్టెలు కూడా పోయాయి.

'ఇవేంది?'

పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగిచ్చే అలవాటు వెంకటేశులు ఇంట ఎన్నడూ లేదు. గుప్పెడు బియ్యమో, రెండు వంకాయలో వేసి ఇవ్వాలి. ఆటలో అతనికి చేతనైంది గోధుమలు కోసి, పిండి విసిరి, రొట్టె కాల్చడం ఒక్కటే. నాలుగు నెలలుగా ఖాళీ దొరికినప్పుడల్లా కాల్చి దాచాడు. 'మా ఊళ్ళో గిన్నె ఖాళీగా ఇవ్వరు సార్' అని రాశాడు.

ఒంటి మీద గీత కూడా పడని వీరుడికి రొట్టెతో పనిలేదు. ఆటకు కొత్తగా వచ్చి గాయపడ్డ పసికూనలు తేరుకోవడానికి తినే తిండి అది. అయినా హెరాన్ అక్కడే నిలబడి ఒక రొట్టె తిన్నాడు. చుట్టూ ఉన్న ఏడుగురికీ తలా ఒకటి ఇచ్చాడు. కొమ్ముల టోపీ వాడు ఇంకోటి అడిగి రెండు తిన్నాడు. వెంకటేశులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏడుపు కాదది. కుప్పం నుంచి తిరిగొచ్చిన రోజున బిగుసుకున్నదేదో పదేళ్ళ తర్వాత వదులైంది, అంతే.

"అన్నా" అన్నాడు కిరణ్ మెల్లగా.

"అయిపోయిందప్పా. తీసుకో."

సెలవిప్పించండి సార్ అని రాశాడు. ఎనిమిది మంది ఒకరి తర్వాత ఒకరు చెయ్యెత్తారు. కిరణ్ స్విచ్ మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగాడు. వాళ్ళు ఒక్కొక్కరే వంతెన దిగి వెళ్ళిపోతున్నారు. అందరికంటే వెనక హెరాన్. సగం దూరం పోయినవాడు ఆగి, వెనక్కి వచ్చి, తోడేళ్ళు తిరిగే చోట, కొత్తగా వచ్చినవాళ్ళు పడిపోయే చోట వంగి ఏదో పెట్టి పోయాడు. తెర ఆరిపోయే ముందు వంతెన రాయి మీద అదొక్కటే కనిపించింది, గుండ్రంగా, ఒక పక్క కాస్త మాడిన రొట్టె.